ఏటేటా పూసే మొక్క: గిద్దలూరు పెరటికి ఒక వ్యాఖ్యానం

పెరటి పూలమొక్కల పెంపకం గురించి చెప్పవలసినదంతా ఒక్క వాక్యంలో పెట్టి, దాన్ని మాట మాటగా విప్పుతాను. వాక్యం ఇది:

గిద్దలూరులో బహువార్షిక పూలమొక్కకు పాదు తీసి, నీరెరిగి తడిపి, చివికిన ఎరువు వేసి, ఆకు చూసి మందిచ్చి, కాలం చూసి కత్తిరించి, పిలకతో కొత్తది చేసుకోవాలి.

ఇందులో అలంకారానికి వేసిన మాట ఒక్కటీ లేదు. వరుసగా చూద్దాం.

గిద్దలూరులో: పూలమొక్కల పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల వారికో, బెంగళూరు వారికో, గోదావరి ఒండ్రు మీద కాపురమున్న వారికో రాసినవి. గిద్దలూరు ఈ మూడింటిలో ఏదీ కాదు. పడమట నల్లమల, తూర్పున వెలికొండ, నడుమ సగిలేరు పారే నేల ఇది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా కర్నూలు జిల్లాలోనిది. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారినా ఎండ, వాన, నేల మాత్రం రాయలసీమవే. అంటే ఒంగోలులో సముద్రపు గాలి తేమ మీద బతికే మొక్కకు చెప్పిన పద్ధతి ఇక్కడి మొక్కకు చాలదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం వస్తాయి. రెండూ వస్తాయి గానీ రెండింటినీ నమ్ముకోలేం. నేల కొన్నిచోట్ల గులకరాళ్ల ఎర్రనేల, కొన్నిచోట్ల నల్లరేగడి. చాలా బోర్ల నీళ్లు గట్టివి, అనగా సున్నానికి సంబంధించిన లవణాలు ఎక్కువగా కరిగి ఉన్నవి. ఇక ముందు చెప్పబోయేదాంట్లో సగం ఈ చివరి సంగతి చుట్టూనే తిరుగుతుంది.

బహువార్షిక: విత్తనం మొలిచి, పూసి, గింజ కట్టి, ఒక్క కారులోనే ఎండిపోయేది ఏకవార్షికం. బంతి అలాంటిది, సీతమ్మజడ అలాంటిది. పూసిన తరువాత కూడా బతికి, మళ్లీ మళ్లీ పూసేది బహువార్షికం. ఇంతవరకు తగాదా లేదు. తగాదా ఈ మాటకు జనం తగిలించే మూడు అర్థాలతో వస్తుంది. ఒకటి, బహువార్షికమంటే ఏడాది పొడవునా పూసేదని. కాదు. మల్లె బహువార్షికమే, కానీ దాని పూత వేసవిది. రెండు, ఎప్పుడూ పచ్చగా ఉండేదని. అదీ కాదు. నేలసంపెంగ బాగా చలి తగిలితేనో, నీళ్లు లేకపోతేనో పైఆకు ఎండి నేలలో దాక్కుంటుంది. అది చావు కాదు, విశ్రాంతి. మూడు, ఒకసారి పెడితే ఇక చూసుకోనక్కర లేనిదని. ఈ మూడో అపోహ వల్ల పోయిన మొక్కలు చీడపీడల వల్ల పోయినవాటికంటే ఎక్కువేనని నా నమ్మకం.

చలిదేశాల తోటపుస్తకాల్లో ఈ మాటకు ఇంకా ఇరుకైన అర్థం ఉంది. శీతాకాలంలో పైభాగమంతా చచ్చి, వేరు మాత్రం మిగిలి, వసంతంలో మళ్లీ లేచే మెత్తకాడ మొక్కనే వారు ఆ పేరుతో పిలుస్తారు. గులాబి, మందారం వంటి చెక్క కట్టే పొదలను వేరే లెక్కలో వేస్తారు. మన పెరళ్లలో ఉన్నవి ముప్పాతిక పొదలూ తీగలే కనుక ఆ ఇరుకు అర్థం మనకు పనికిరాదు. మరొక తేడా కూడా గుర్తుంచుకోవాలి. బిళ్లగన్నేరు మన దగ్గర ఏళ్ల తరబడి బతుకుతుంది. మంచు కురిసే చోట దానిని ఒక్క కారు మొక్కగానే పెంచుతారు, ఎందుకంటే చలి దానిని చంపేస్తుంది. అంటే బహువార్షికత మొక్క గుణమే అయినా, అది నిజంగా నిలబడాలంటే చోటు కూడా ఒప్పుకోవాలి.

కాబట్టి అడగవలసిన సరైన ప్రశ్న ఇది: ఏడాది తరువాత ఏడాదికి ఈ మొక్కలో నిలిచేది ఏ భాగం? జవాబును బట్టి మూడు తెగలు. మల్లె, మందారం, గులాబి, నందివర్ధనం, గన్నేరు, కాగితపు పూలు, పారిజాతం: వీటిలో నిలిచేది చెక్క, అనగా మోడూ పాత కొమ్మా. చామంతి: పూసిన కాడ ఎండిపోతుంది, మొదట్లో పుట్టిన పిలక నిలుస్తుంది. నేలసంపెంగ: నేలలోని దుంప నిలుస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నేలసంపెంగలో ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. దాని పక్కన పుట్టిన పిల్లదుంపలు ముదిరి పూస్తాయి. అరటి గెల వేసిన బోదె మళ్లీ వేయనట్టే ఇదీ. ఏటేటా పూసేది కుదురు గానీ దుంప కాదు. ఈ తేడా తెలియకపోతే, ఒక్కొక్క దుంపనే కుండీలో పెట్టి రెండో ఏడాది కాడ రాలేదని బాధపడడమే మిగులుతుంది.

ఈ ప్రశ్న మీద ఇంత పట్టుపట్టడానికి కారణం, తక్కిన పనులన్నీ దీని కిందికే రావడం. మనం చూసేది పువ్వు, పోషించవలసింది నిలిచే భాగం. పాదు, నీరు, ఎరువు, కత్తెర అన్నీ దానికే.

పూలమొక్కకు: ఏ మొక్కకో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు మొక్కలు, ఒకే మొక్కకు రెండు పేర్లు ఊరూరా ఉన్నాయి. మల్లె, జాజి, సన్నజాజి విషయంలో ఈ గందరగోళం మరీ ఎక్కువ. పువ్వు చూసి వాదించుకునే బదులు ఆకు చూడండి. కణుపు దగ్గర ఎదురెదురుగా ఒక్కొక్క నిండు ఆకు ఉంటే అది మల్లె, శాస్త్రపు పేరు జాస్మినమ్ సంబాక్. బొండుమల్లె, దొంతరమల్లె దీనిలోని రకాలే. ఒక ఈనెకు ఐదు నుంచి తొమ్మిది దాకా చిట్టాకులు వరుసగా ఉంటే అది జాజి, జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్. దాని మొగ్గ వెలుపల గులాబి ఛాయ కూడా కనిపిస్తుంది. ఒక్క ఆకు ఉండి, దాని మొదట్లో చెవుల్లాంటి రెండు బుల్లి ఆకులు ఉంటే అది ఉద్యానశాస్త్రం వారు సన్నజాజి అనే జాస్మినమ్ ఆరిక్యులేటమ్. పేరు ఎలా పిలుచుకున్నా, ఏది ఏదో తేల్చుకోవడం ఎందుకు ముఖ్యమో కత్తిరింపు దగ్గర తెలుస్తుంది, మూడింటికీ కత్తెర నెలలు వేరు.

కనకాంబరంలోనూ రెండు రకాల తేడా ఉంది. నాటురకం వెన్నుకు కాయ కడుతుంది, ఎండిన కాయ మీద నీటిచుక్క పడితే టప్పున పగిలి గింజ ఎగురుతుంది. పిల్లలకు అదొక ఆట. ఢిల్లీ కనకాంబరం అని అమ్మే ముదురురంగు రకం కాయ కట్టదు. దాని కణాల్లో క్రోమోజోములు రెండు జట్లకు బదులు మూడు జట్లు ఉంటాయి, అందువల్ల గింజ ఏర్పడదు. దాన్ని కొమ్మతోనే పెంచుకోవాలి. గింజ కోసం ఎదురుచూడడం వృథా.

కాగితపు పూలలో రంగుగా కనిపించేది పువ్వు కాదు, పువ్వును కాపాడే ఆకు. అసలు పువ్వు ఆ మూడు రంగుటాకుల నడుమ తెల్లగా, సన్నగా ఉంటుంది. రంగు అన్ని రోజులు వాడకుండా నిలిచేది అందుకే. మందారం దీనికి సరిగ్గా ఎదురు. అది ఉదయం విప్పుకొని చాలా రకాల్లో సాయంత్రానికే ముడుచుకుంటుంది. ఒక్కరోజు పువ్వని మందారాన్ని తప్పుపట్టకూడదు, రేపటి మొగ్గ సిద్ధంగా ఉందా లేదా అన్నదే చూడాలి.

గన్నేరు గురించి ఒక్క మాట, అది గట్టి మాట. గిద్దలూరు ఎండకు ఇంతకంటే ఓర్చుకునే పూలపొద లేదు, మేక కూడా ముట్టదు. ముట్టకపోవడానికి కారణం విషం. ఎర్రగన్నేరు మొక్కంతా, పచ్చగన్నేరులో ముఖ్యంగా గింజ, గుండెను ఆపగల విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. ఉన్న మొక్కను కత్తిరిస్తే ఆ కొమ్మలు పొయ్యిలో పెట్టవద్దు.

పాదు తీసి: పాదు అంటే మొక్క చుట్టూ నీరు నిలిచేలా తీసిన పల్లమని అందరికీ తెలుసు. కానీ పాదు ఎక్కడ ఉండాలి? మొదలును ఆనుకొని కాదు. మొదలు దగ్గర మట్టి కాస్త ఎత్తుగా ఉండి, పల్లం కొమ్మల అంచు కింద గుండ్రంగా ఉండాలి. నీరు తాగే పిల్లవేళ్లు అక్కడే ఉంటాయి. మొదలుకు ఎప్పుడూ నీరు తగులుతూ ఉంటే బెరడు కుళ్లుతుంది. మొక్క పెరిగే కొద్దీ పాదు కూడా బయటికి జరగాలి. నాటిన ఏడాది తీసిన జానెడు పాదులోనే ఐదేళ్ల మల్లెకు నీళ్లు పోయడం మన పెరళ్లలో రోజూ కనిపించే తప్పు.

నాటేటప్పుడు ఇంకొకటి చూడాలి. మనకు వచ్చే నర్సరీ మొక్కల్లో చాలావరకు కడియం ప్రాంతం నుంచి సంచుల్లో వస్తాయి. సంచిలోని మట్టి ఒక తీరు, మన గుంటలోని మట్టి ఇంకొక తీరు. రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువైతే నీరు ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి సులువుగా దిగదు. చుట్టూ నేల తడిగా ఉంటుంది, లోపలి ముద్ద ఎండి ఉంటుంది, మొక్క వాడిపోతుంది. అందుకే సంచి తీసిన తరువాత ముద్ద అంచులు వేళ్లతో మెల్లగా విదిలించి, గుంటమట్టిలో చివికిన ఎరువు కలిపి నాటాలి. సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతు. కన్ను కట్టిన గులాబికైతే ఆ కట్టు నేలకు పైనే ఉండాలి.

పాదు మీద ఎండుటాకులో, వేరుశనగ పొట్టో అంగుళం రెండంగుళాలు పరిస్తే ఎండాకాలం తడి నిలుస్తుంది. ఎర్రనేలలో చెదల బెడద ఉంది కనుక ఆ పరుపు మొదలును తాకకుండా బెత్తెడు ఎడం వదలాలి.

నీరెరిగి: ఇదే ఈ వాక్యానికి నడుము. తడిపి అనే ముందు ఎరిగి అన్నాను. ఎంత నీరు అన్నది తరువాతి మాట, ఎలాంటి నీరు అన్నది ముందు మాట.

పశ్చిమ ప్రకాశంలో నీళ్లంటే జనం మొదట అనేది ఫ్లోరైడ్. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే మనిషి పంటికీ ఎముకకూ హాని, ఆ బాధ ఈ ప్రాంతం చాలాకాలంగా అనుభవిస్తున్నదే. మొక్క సంగతి వేరు. సున్నం ఉన్న నేలలో ఫ్లోరైడ్ చాలావరకు కాల్షియంతో కలిసి గట్టిపడి మట్టిలోనే ఉండిపోతుంది, వేరులోకి పెద్దగా పోదు. మల్లె పసుపెక్కితే, కనకాంబరం చిక్కిపోతే ఫ్లోరైడ్‌ను నిందించడం చాలాసార్లు పొరపాటు. నిందించవలసినవి ఆ నీటిలోనే ఉన్న వేరే రెండు. ఒకటి బైకార్బొనేట్, అనగా బిందె అడుగున, వేడినీళ్ల హీటరు మీద తెల్లటి పెచ్చుగా మిగిలేదానికి మూలం. రెండు సోడియం, అనగా నేలను బిగదీసే ఉప్పు.

ఇక్కడ మూడు మాటలను విడదీయాలి. పాల చౌడు, కారు చౌడు, సున్నపు నేల. జనం మూడింటినీ చౌడే అంటారు. పాల చౌడు అంటే ఉప్పు పైకి తెల్లగా తేలిన నేల. మంచినీటితో, వాననీటితో బాగా కడిగితే, నీరు కిందికి దిగిపోయే దారి ఉంటే, బాగవుతుంది. కారు చౌడులో సోడియం మట్టికణాలను పట్టుకొని కూర్చుంటుంది. నేల తడిస్తే జిగట, ఆరితే రాయి. కడిగినంత మాత్రాన పోదు, ముందు జిప్సం వేసి, ఆ తరువాత కడగాలి. సున్నపు నేల ఈ రెండూ కాదు. ఉప్పు లేకపోవచ్చు, మట్టి వదులుగానే ఉండవచ్చు, కానీ సున్నం వల్ల క్షారగుణం ఎక్కువ. దానికి జిప్సం వేస్తే క్షారం తగ్గదు. ఎండిన మట్టి మీద నాలుగు చుక్కల గట్టి నిమ్మరసం వేస్తే బుసబుసమని పొంగినట్టయితే అది సున్నపు నేల. పొంగు రాకపోయినంత మాత్రాన సున్నం లేదని తీర్మానించకూడదు. మట్టి పరీక్ష చేయించుకోవడమే నికరం.

మరొకటి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో నీళ్లు శుద్ధిచేసే ఆర్వో యంత్రం ఉంది. దాని నుంచి పారబోసే నీటిని వృథా చేయకూడదని మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే, పని మాత్రం చెడ్డది. ఆ యంత్రం మంచినీటిలోంచి తీసేసిన ఉప్పంతా ఆ పారబోసే నీటిలోనే ఉంటుంది. అంటే అది మీ బోరునీటి కంటే ఉప్పన. గచ్చు కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీరు దీనికి పూర్తిగా వేరు, అది గాలిలోని తేమ, ఉప్పు లేనిది. డాబా మీద పడిన వాననీటిని తొట్టిలో పట్టుకుంటే కుండీలకు అంతకు మించినది లేదు.

తడిపి: రోజూ చెంబెడు పోయడం తడపడం కాదు. పైపైన తడిసిన నీరు ఎండకు ఆవిరవుతుంది, అందులోని ఉప్పు మాత్రం పైమట్టిలోనే మిగులుతుంది. రోజూ ఇలా జరిగితే ఏడాదికి మనం మొక్కకు పెట్టింది నీరు కాదు, ఉప్పు. నిండుగా పోసి, ఆరనిచ్చి, మళ్లీ నిండుగా పోయాలి. ఆరనివ్వడమంటే మొక్క వాడేదాకా కాదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చితే తడి తగలనంతవరకు. ఎర్రనేలలో అది త్వరగా వస్తుంది, రేగడిలో ఆలస్యం. కుండీకి పోసిన ప్రతిసారీ అడుగు చిల్లునుంచి కొంత నీరు బయటికి రావాలి. ఆ కారిన నీటితోనే ఉప్పు కూడా బయటికి పోతుంది. కుండీ అంచున తెల్లటి చార కనిపించిందంటే ఆ పని జరగడం లేదని అర్థం.

కాగితపు పూలకు లెక్క వేరు. నిండా నీరు దొరికితే అది ఆకు వేస్తుంది, కొంచెం ఎండబెడితే రంగు వేస్తుంది. దానికి దాహమే పూత.

చివికిన ఎరువు వేసి: చివికిన అన్న విశేషణమే ఇక్కడ ప్రధానం. పచ్చిపేడ మట్టిలో కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, వేరు కాలుతుంది, వేరుపురుగు చేరుతుంది. చేతిలోకి తీసుకుంటే పేడవాసన పోయి మట్టివాసన రావాలి, పిడికిట్లో పొడిగా విడిపోవాలి. గొర్రెల ఎరువు ఈ పక్క సులువుగా దొరుకుతుంది, మంచిది కూడా, అయితే పేడ ఎరువు కంటే ఘాటు కనుక తక్కువ వేయాలి. నత్రజని మితిమీరితే, అంటే యూరియా చేతికి వచ్చినంత చల్లితే, ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, మొగ్గ రాదు.

ఇంటింటా వినిపించే సలహా ఒకటుంది: పొయ్యి బూడిద వేయండి, కోడిగుడ్డు పెంకులు వేయండి. పుల్లటి నేలల్లో అది నిజంగా మేలు. గిద్దలూరు సున్నపు నేలల్లో, గట్టినీళ్ల కింద అది కీడు. బూడిద క్షారాన్ని పెంచుతుంది, పెంకు అంతా సున్నమే. ఎక్కువైనదాన్నే ఇంకా ఎక్కువ చేయడం అవుతుంది.

ఆకు చూసి మందిచ్చి: ఆకు పసుపెక్కింది అనడం రోగం పేరు చెప్పడం కాదు. ఏ ఆకు, ఎలా పసుపెక్కింది అని అడగాలి. కింది ముదురాకులు ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోతే నత్రజని లోటు. కింది ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే మెగ్నీషియం లోటు. పైన కొత్తగా వచ్చిన చిగురాకులే పసుపెక్కి, ఈనెలు మాత్రం వల అల్లినట్టు పచ్చగా నిలిస్తే ఇనుము లోటు. మొక్క లోపల నత్రజని, మెగ్నీషియం పాత ఆకు నుంచి కొత్త ఆకుకు తరలగలవు, అందుకే లోటు పాత ఆకులో కనిపిస్తుంది. ఇనుము అలా తరలలేదు, అందుకే కొత్త ఆకు బాధపడుతుంది. గిద్దలూరులో మల్లెకు, కనకాంబరానికి, గులాబికి తరచు వచ్చేది ఈ మూడోది.

నేలలో ఇనుము లేక కాదు. ఎర్రనేల ఎరుపే ఇనుము. క్షారం వల్ల అది కరగక, వేరుకు అందదు. అందుకని అన్నభేదిని, అనగా ఇనుప లవణాన్ని, పాదులో పోస్తే అదీ కొద్దిరోజుల్లో అలాగే బిగిసిపోతుంది. ఆకు మీద కొట్టాలి: లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము, అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం పూట, వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. పాదులోనే వేయాలనుకుంటే దుకాణంలో చీలేటెడ్ ఇనుము అడుగుతారు. అందులోనూ రెండున్నాయి. ఈడీటీఏ రకం క్షారనేలలో విడిపోతుంది, ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది. పెట్టె మీద చదివి కొనండి.

కనకాంబరం చిక్కిపోయి, ఇనుము ఇచ్చినా తేరుకోకపోతే ఒక మొక్కను పెరికి వేరు చూడాలి. వేళ్ల మీద ముడులు ముడులుగా ఉంటే అది నులిపురుగు, కంటికి కనపడనంత సన్నటి పురుగు వేరులో చేరి కట్టించిన బుడిపెలు. దానికి ఆకు మీద కొట్టే మందేదీ పనిచేయదు. వేపపిండి పాదుకు వేయడం, చుట్టూ బంతి నాటడం తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు.

మందారానికి పట్టే తెల్లటి దూదిలాంటిది పిండినల్లి. అది బూజు కాదు, పురుగు. ఒంటి మీద మైనంపొడి కప్పుకొని ఉంటుంది కనుక మందు నీరు జారిపోతుంది. ముందు గట్టి నీటిధారతో కడిగి, ఆ తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఎండ తగ్గాక కొట్టాలి. చీమలు కొమ్మ ఎక్కుతుంటే చూడండి. పిండినల్లి విడిచే తియ్యటి ద్రవం కోసం చీమలు దాన్ని శత్రువుల నుంచి కాపాడతాయి. చీమల దారి కట్టకుండా పురుగును మాత్రమే చంపబోతే పని తెమలదు. దగ్గరలో వయ్యారిభామ కలుపు ఉంటే అదీ పీకెయ్యాలి, పిండినల్లి అక్కడ కూడా తలదాచుకుంటుంది. మందారం మొగ్గ విప్పకముందే రాలిపోతుంటే ప్రతిసారీ పురుగే అనుకోవద్దు. ఒకసారి ఎండబెట్టి ఒకసారి ముంచెత్తినా రాలుతుంది, మే ఎండకూ రాలుతుంది. రాలిన మొగ్గను చీల్చి చూడండి, లోపల పురుగు ఉంటే పురుగు, లేకపోతే నీళ్ల వరస సరిచేయాలి.

కాలం చూసి కత్తిరించి: కత్తిరింపు ఒక్క పని కాదు, మూడు. కొసను గోటితో గిల్లడం తల తుంచడం. ఎండిన, అడ్డంపడిన, లోపలికి తిరిగిన కొమ్మలను తీయడం శుభ్రం చేయడం. మొక్కనంతా మోకాలెత్తుకు దించడం మోడు కొట్టడం. ఒకదానికి చెప్పిన నెలను ఇంకొకదానికి వాడకూడదు.

కత్తిరిస్తే ఎందుకు ఎక్కువ పూస్తుంది? కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఒక రసాన్ని కిందికి పంపుతూ కింది కణుపుల మొగ్గలను మేలుకోకుండా అణచి ఉంచుతుంది. దాని పేరు ఆక్సిన్. కొస పోతే అణచేది పోతుంది, రెండు మూడు కణుపులు ఒక్కసారి చిగురిస్తాయి. మల్లె, మందారం, గులాబి పూసేది కొత్త చిగురు మీద. ఒక కొస బదులు మూడు కొసలు, మూడు పూతలు. కనుక పాత చెక్కను దాచుకోవాలన్న మమకారంతో కత్తెర పట్టనివారికి మొక్క పెద్దదవుతుంది, పూలు పైకెక్కి తగ్గిపోతాయి.

మల్లెకు కాలం నవంబరు చివర. అంతకు ముందు రెండు మూడు వారాలు నీరు కట్టకుండా ఎండబెట్టాలి. ఆకు రాలడం మొదలవుతుంది. మల్లెతోటల రైతులు ఈ సమయంలో గొర్రెలనూ మేకలనూ తోటలోకి తోలి ఆకు మేపించడం పాత అలవాటు, అది విశ్రాంతికి దారి తీయడమే. తరువాత నేలకు మూరెడు ఎత్తున కత్తిరించి, ఎరువు వేసి, కొన్నాళ్లకు నీరు మొదలుపెడితే ఎండ ముదిరే వేళకు మొగ్గ కడుతుంది. జాజికి డిసెంబరు, సన్నజాజికి జనవరి చివర. ఈశాన్యం ఆలస్యంగా కురిసి నవంబరంతా నేల తడిగానే ఉన్న ఏడాది మల్లెకు ఎండు దొరకదు. అప్పుడు తేదీ పట్టుకొని కూర్చోక, వాన వెలిసి నేల ఆరిన తరువాతే కత్తిరించాలి. పంచాంగం కంటే పాదు నిజం చెబుతుంది.

గులాబికి వానలు తగ్గి చలి మొదలయ్యే అక్టోబరు, నవంబరు. మే నెలలో దేన్నీ మోడు కొట్టవద్దు. ఆకు నీడ పోతే లేత బెరడు ఎండకు కాలిపోతుంది. కత్తెర పదునుగా ఉండాలి, బయటివైపు చూసే కణుపుకు పైన, కొంచెం వాలుగా కోయాలి. కణుపుకు మరీ దగ్గరైతే మొగ్గ ఎండుతుంది, దూరమైతే మిగిలిన ముక్క చచ్చి చీడకు గూడవుతుంది.

చామంతికి మాత్రం పెద్ద కాలం మన చేతిలో లేదు. రాత్రి పొడవు పెరిగినప్పుడే అది మొగ్గకు తిరుగుతుంది, అందుకే చలికాలపు పువ్వు. వీధిదీపం రాత్రంతా మీద పడే చోట పెడితే దానికి రాత్రి పొడవు తెలియక, ఆకులు వేస్తూ పూత ఆలస్యం చేస్తుంది. చోటు మార్చడమే మందు. వానాకాలంలో ఒకటి రెండు సార్లు తల తుంచితే గుబురవుతుంది. మొగ్గకు తిరిగాక తుంచకూడదు.

పిలకతో: ఈ మాటను వాక్యంలో కొత్త మొక్కనిచ్చే ప్రతి భాగానికీ గుర్తుగా పెట్టాను. సరిగా చెప్పాలంటే పిలక అంటే మొదట్లోంచి నేలలోనుంచి లేచే కొత్త కాడ. చామంతికి అదే బతుకు. పూత అయ్యాక కాడలు నేల మట్టానికి కోసి, పిలకలను వేసవంతా చెట్టునీడలో బతికించి, జూన్, జూలైలో వాటి కొసలు తుంచి నాటుకోవాలి. గిద్దలూరులో చామంతి ఏటా కొనుక్కోవలసి వచ్చేది ఈ వేసవి నీడ ఇవ్వకపోవడం వల్లే.

అన్ని పిలకలూ మంచివి కావు. కన్ను కట్టిన గులాబిలో కట్టుకు కింద నుంచి లేచిన పిలక అడుగుమొక్కది, అనగా వేరు కోసం వాడుకున్న అడవి గులాబిది. దాన్ని ఉంచితే రెండేళ్లలో పైరకం చచ్చి అదే మిగులుతుంది. ఏడు చిట్టాకులుంటే అడవిది, ఐదుంటే అసలుది అనే గుర్తు చాలామంది చెబుతారు. అది నమ్మదగినది కాదు, తోటరకాల్లోనూ ఏడు చిట్టాకులవి ఉన్నాయి. మట్టి తీసి, పుట్టుక కట్టుకు పైనుందో కిందుందో కంటితో చూడాలి. కిందిదైతే కత్తెరతో కోయక, మొదలంటా చీల్చి తీయాలి. కోస్తే అక్కడే నాలుగు లేస్తాయి.

మల్లెకు నేల అంటు సులువు. వానాకాలంలో వంగే కొమ్మను కణుపు దగ్గర కొంచెం చెక్కి, మట్టిలో తొక్కి, రాయి పెట్టాలి. వేరు పట్టాక తల్లినుంచి కోయాలి. మందారం, నందివర్ధనం, ఢిల్లీ కనకాంబరం కొమ్మతోనే వస్తాయి. కొమ్మ మరీ లేతదీ కాకూడదు, చెక్క కట్టిందీ కాకూడదు.

కొత్తది చేసుకోవాలి: బహువార్షికానికీ ముసలితనం ఉంది. మల్లె చక్కగా చూసుకుంటే పది పదిహేనేళ్లు దిగుబడి ఇస్తుంది, తరువాత పూత పలచబడుతుంది. కనకాంబరం రెండు మూడేళ్లకే డస్సిపోతుంది. నేలసంపెంగ కుదురు మూడేళ్లకు ఇరుకై కాడలు తగ్గుతాయి, తవ్వి, పెద్ద దుంపలు ఏరి నాటాలి. గన్నేరుకు, పారిజాతానికి ఈ లెక్క అక్కరలేదు. కాబట్టి పాతది బలంగా ఉన్నప్పుడే అంటు తొక్కి ఉంచుకోవాలి. చావబోయే మొక్కనుంచి తీసిన కొమ్మకు వేరు పట్టడం కష్టం.

కొత్తదాన్ని ఎక్కడ పెట్టాలన్నదీ ఈ మాటలోనే ఉంది. మల్లె పోయిన గుంటలో రెండడుగుల మట్టి మార్చి మళ్లీ మల్లె పెట్టుకోవచ్చు. ముడులు కట్టిన కనకాంబరం పెరికిన చోట మాత్రం మళ్లీ కనకాంబరం వద్దు. పాత వేళ్లన్నీ ఏరి కాల్చి, ఎండాకాలంలో ఆ మట్టిని రెండుసార్లు తిరగతవ్వి ఎండబెట్టి, ఒక కారు చిక్కగా బంతి వేసి, అప్పుడు వేపపిండి కలిపి నాటుకోవచ్చు. అంతదాకా కొత్త కనకాంబరం కొమ్మలను కొత్త మట్టి పోసిన కుండీలో ఉంచండి, ఆ కుండీని పాత పాదు మట్టి మీద నేరుగా కాక రెండు ఇటుకల మీద పెట్టండి. నులిపురుగు కుండీ అడుగు చిల్లులోనుంచి కూడా ఎక్కగలదు.